గేరుబాక్సు ఒక్కటే మారిస్తే సరిపోదు మామా



మా తాండాలో ఒక మామ పాత ఇసుజు వి-క్రాస్ పికప్ బేరం చేసినాడు. ఆటోమేటిక్ బండి. గేరుబాక్సు పోయింది, అందుకే చౌక. మాన్యువల్ గేరుబాక్సు వేయించి, తాడిమర్రి నుంచి అనంతపురం మార్కెట్‌కు బాడుగకు చీనీకాయలు తోలాలని ఆశ. అడ్వాన్సు కోసం అత్త గొలుసు కుదవ పెడతాడంట. ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట కాబట్టి, నన్నడిగినాడు.

వద్దు మామా అన్నాను.

మాన్యువల్ మంచిదే. మన పక్క మెకానిక్‌లకు చేతనైన పని. కానీ గేరుబాక్సుతో పాటు ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, క్లచ్ పెడల్, దాని సిలిండర్లు అన్నీ కావాల. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కుదరకపోవచ్చు. ఇంజిన్ కంప్యూటర్ పాత గేరుబాక్సు సిగ్నల్ కోసం చూస్తుంది. అది సరిచేయకుంటే బండి స్టార్టే కాకపోవచ్చు. చౌక అనుకున్నది అక్కడే కరిగిపోతుంది.

ఇంకోటి, కాగితాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రేపు యాక్సిడెంటయితే ఇన్సూరెన్సోళ్లు అదే పట్టుకుంటారు. పైగా అది వైట్ బోర్డు బండి. బాడుగకు తోలితే కేసే.

నాలుగు రూపాయలు ఎక్కువైనా, ఎల్లో బోర్డు మాన్యువల్ పికప్ చూసుకోమన్నాను. మామ మూతి ముడుచుకున్నాడు. అయినా గొలుసు ఇంకా అత్త మెడలోనే ఉంది.

తమ్ముళ్లూ, మనోళ్లు వేలిముద్ర వేసేముందు ఆర్‌సీ చదివి చెప్పండి. మన చదువు మొదట అక్కడ పనికి రావాల.