కొట్టేసిన పేర్లు మళ్లీ రాయొద్దు

మెదక్ జిల్లా ఎల్దుర్తి మండలంలో సాగుభూమి చేతులు మారాలంటే తహసీల్దార్ కార్యాలయంలోని కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. 2020 చివర్లో ధరణి పోర్టల్‌తో మొదలైన ఈ పద్ధతి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాకా కొనసాగుతోంది. పాసుపుస్తకం వివరాలు, వేలిముద్ర అన్నీ నెట్‌వర్క్ మీదే వెళ్లాలి. వెళ్లేముందు ఇటు కంప్యూటర్, అటు సర్వర్ రెండింటికీ తెలిసిన ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఒకటి కుదుర్చుకుంటాయి. కుదరకపోతే కనెక్షన్ తెగుతుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ రైతుకు వినపడేది మాత్రం ‘సర్వర్ డౌన్’. (కరెంటు, కేబుల్ లాంటి సవాలక్ష కారణాలూ ఆ మాట వెనక దాక్కుంటాయనుకోండి.)

కుదరడం ఒక్కటే చాలదు, దేని మీద కుదిరిందన్నదీ చూడాలి. 1990ల్లో అమెరికా, తన దేశం దాటే సాఫ్ట్‌వేర్‌లో కావాలనే బలహీనమైన ఎన్‌క్రిప్షన్ కీలు పెట్టించింది: 40 బిట్లు, ఆర్‌ఎస్‌ఏ అయితే 512 బిట్లు. 2000లో ఆంక్షలు సడలాయి, కోడ్ మాత్రం సర్వర్లలో ఉండిపోయింది. పదిహేనేళ్ల తర్వాత, 2015 మార్చిలో బయటపడ్డ ‘ఫ్రీక్’ దాడి దాన్నే వాడుకుంది. మధ్యలో దూరినవాడు సంభాషణను ఆ పాత కీలకు దిగజారుస్తాడు. మేలో వెల్లడైన ‘లాగ్‌జామ్’దీ అదే దారి. ఎవరూ వాడటం లేదు కదా అని వదిలేసినదే కొంప ముంచింది.

అందుకే పాత పద్ధతులకు నిషేధ జాబితాలు. జావా ప్రోగ్రామింగ్ వ్యవస్థలో ఇది మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఒక సెట్టింగ్: ఆర్‌సీ4, ఎండీ5 సంతకాలు, ఎస్‌ఎస్‌ఎల్ 3, పొట్టి డిఫీ-హెల్‌మన్ కీలు అన్నీ అందులో ఉంటాయి. 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్, కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే పాత ప్రమాణాలు టీఎల్‌ఎస్ 1.0, 1.1లకు చెల్లుచీటీ ఇచ్చింది. ఏప్రిల్ అప్‌డేట్‌లో జావా సంస్థ ఒరాకిల్ వాటినీ ఈ జాబితాలో చేర్చింది. దాంతో పాత డేటాబేస్‌లతో మాట్లాడే అప్లికేషన్లు చాలాచోట్ల ఆగిపోయాయి. అందరికీ తోచిన ఉపాయం ఒక్కటే, జాబితాలోంచి ఆ రెండు పేర్లు తీసేయడం. తీసేస్తే వెంటనే నడుస్తుంది, అసలు చిక్కు అక్కడే ఉంది. జాబితా మొత్తాన్ని సొంత ఫైల్‌లోకి తెచ్చుకుని మార్చినవారికి, తర్వాతి అప్‌డేట్లలో వచ్చే కొత్త నిషేధాలు ఇక వర్తించవు. ఆ సంగతి ఏ తెరమీదా కనపడదు.

సడలింపే పాపమని నేననను. 2020 మార్చిలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పాత టీఎల్‌ఎస్‌ను ఆపేసింది. కరోనా సమాచారమిచ్చే కొన్ని ప్రభుత్వ సైట్లు జనానికి అందకుండా పోతాయని మళ్లీ అనుమతించింది. ఆ ఏడాది జూన్ చివర్లోనే తిరిగి మూసేసింది. సడలింపు అంటే అలా ఉండాలి.

భూమి రికార్డుల్లాంటి సేవల్లో ఇదే పద్ధతి కాగితం మీదికి రావాలి. పాత ఫోన్‌లో సైట్ తెరుచుకోని రైతుకు మీసేవ కేంద్రం ఉంది. అతని పేరు చెప్పి అందరి కనెక్షన్‌నూ బలహీనం చేయనక్కర్లేదు. జావాలో యంత్రం మొత్తానికి కాకుండా ఒక్క అప్లికేషన్‌కే మినహాయింపు ఇచ్చే వీలుంది. పాత డేటాబేస్‌ను మార్చేదాకా ఆ ఒక్కదానికే, అనుమతించిన అధికారి సంతకంతో, ముగింపు తేదీ వేసి ఇవ్వాలి.