ఏడు రోజులు ఊళ్లో...

ఈల మోగేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. సర్కారు బడి వరండాలో వరసగా పరిచిన జంపఖానాల మీద దుప్పట్లు ఒక్కొక్కటే కదులుతాయి. చేతిపంపు దగ్గర బకెట్ల చప్పుడు. ఉప్మా చేసే వంతు ఇవాళ ఏ జట్టుదో గోడ మీద చాక్‌పీసుతో రాసి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో తెలిసిందేగా! ఇంటిదగ్గర ఎనిమిదింటికి గానీ కళ్లు తెరవని కుర్రాడు ఇక్కడ ఆరింటికల్లా పార పట్టుకుని మోరీ పక్కన నిలబడతాడు. వాళ్లమ్మ చూస్తే నమ్మదు.

ఇది ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం. పూర్తి పేరు జాతీయ సేవా పథకం. కానీ ఆ పేరుతో అడిగితే విద్యార్థులు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు.

అమెరికా కాలేజీల్లో 'ఫ్రెటర్నిటీ'లని ఉంటాయి. 1776లో మొదలైన 'ఫై బీటా కాపా' నుంచీ వాటికి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టడం ఆనవాయితీ. సొంత భవనాలు, చేరేటప్పుడు రహస్య ఆచారాలు, ఏటా కాసిన్ని సేవా కార్యక్రమాలు... చదువు అయిపోయాక కూడా ఆ సోదరబంధం ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో అక్కరకొస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల్లో అలాంటివి లేవు. ఒకే కంచంలో తిని, ఒకే పని చేసి, పదేళ్ల తర్వాత బస్టాండులో ఎదురైనా 'అరే, మనం క్యాంపులో...' అని మొదలుపెట్టే బంధం కావాలంటే ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌లోనే వెతుక్కోవాలి. దీనికి భవనం లేదు. ఉన్నదల్లా ఓ బీరువా, పారలు, గంపలు, రెండు బ్యానర్లు.

చదువుకునేవాళ్లు కొంతకాలం దేశం పని చేయాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ దాన్ని స్వచ్ఛందంగా ఉంచాలంది. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ కమిటీ మళ్లీ పరిశీలించింది. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరం కలిసొచ్చింది. 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో దీన్ని ప్రారంభించారు. తొలి ఏడాది చేరినవాళ్లు 40 వేల మంది. ఇప్పుడు దేశమంతా కలిపితే లక్షల్లో లెక్క. 'నా కోసం కాదు, నీ కోసం' అన్నది వాళ్ల నినాదం. ఛాతీ మీది బ్యాడ్జిలో కోణార్క రథచక్రం ఉంటుంది. దానికున్న ఎనిమిది ఆకులు రోజుకి ఎనిమిది జాములూ సిద్ధమేనని చెబుతాయట. పరీక్షల ముందు రోజు అడిగితే మాత్రం ఏ జాముకూ సిద్ధం కాదనుకోండి!

లెక్క ప్రకారం వలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దానికి అదనంగా ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. శిబిరాలు కరవుతో మొదలయ్యాయి. 1973లో 'కరవుపై యువత' పేరిట విద్యార్థుల్ని ఊళ్లకు పంపారు. తర్వాతి ఏడాది మురికి మీద, రోగాల మీద యుద్ధం. ఆ తర్వాత మొక్కలు, గ్రామ పునర్నిర్మాణం.

అవి ఉత్తర తెలంగాణలో తేలికైన రోజులు కావు. అదే దశాబ్దంలో విద్యార్థులు మరో దారిలోనూ పల్లెలకు తరలారు. 1978లో జగిత్యాల రైతుకూలీల ఊరేగింపుతో అట్టుడికింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అలాంటి చోట కాలేజీ కుర్రాళ్లు ఊళ్లోకి వచ్చారంటే ఎవరు పంపారు, ఎందుకొచ్చారు అన్న ప్రశ్న ముందు పుట్టడం సహజమే.

ఇప్పుడా అనుమానం లేదు. వేరే ప్రశ్న ఉంది. మోరీ తీయడానికి పట్నం నుంచి పిల్లలు రావాలా, వాళ్లు పోయాక ఎవరు తీస్తారు? రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దమనుషులు ఇది అడక్క మానరు. అది న్యాయమైన ప్రశ్నే. ఏటా అదే జూలైలో, అదే గుంతలో, కొత్త మొక్క నాటి ఫొటో దిగిన యూనిట్లు లేకపోలేదు. 2015లో హరితహారం వచ్చాక నాటిన మొక్కల లెక్క పెరిగింది. ఎండాకాలంలో బిందెతో నీళ్లు పోసినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

అందుకే తెలిసిన ప్రోగ్రామ్ ఆఫీసర్లు ఏడాదికో ఊరు మార్చరు. ఒకే ఊరిని దత్తత తీసుకుని మూడు నాలుగేళ్లు అక్కడికే వెళతారు. మొదటి ఏడాది ఇంటింటి సర్వే. ఇంట్లో ఎందరు, బడి మానేసినవాళ్లెవరు, మరుగుదొడ్డి ఉందా... ఉంటే అందులో వాడకమా, పిడకలా? రెండో ఏడాది పనులు. చేతిపంపు పక్కన నిలిచే నీటికి ఇంకుడు గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక నింపుతారు. నల్లానీళ్లు ఇంటింటికీ వచ్చాయి గానీ వాడి పారబోసిన నీళ్లు ఎటు పోవాలన్నది చాలా ఊళ్లలో ఇంకా తేలలేదు. దోమలు అక్కడే పుడతాయి. జ్వరాలు అక్కడి నుంచే వస్తాయి.

ప్రోగ్రామ్ ఆఫీసరంటే పెద్ద అధికారేమీ కాదు. చరిత్రో, జంతుశాస్త్రమో చెప్పే లెక్చరరే. క్లాసులు తగ్గవు, ఈ పని పెరుగుతుంది. శిబిరానికి వలంటీరు తలకు చాలా ఏళ్లపాటు ఏడు రోజులకు కలిపి ఇచ్చింది 450 రూపాయలే. రోజుకు 65 కూడా పడదు. అందులో మూడు పూటల తిండి, టీ, రవాణా! ఊళ్లో ఒకరు బియ్యం, మరొకరు కూరగాయలు ఇస్తే గట్టెక్కిన శిబిరాలెన్నో.

ఇక అమ్మాయిల సంగతి. నగరాల్లో ఇది సమస్యలా అనిపించకపోవచ్చు. పెద్దపల్లి నుంచో, ఖానాపూర్ నుంచో కాలేజీకి బస్సులో వచ్చే అమ్మాయి ఏడు రాత్రులు వేరే ఊళ్లో ఉంటానంటే ఇంట్లో ఒక పట్టాన ఒప్పుకోరు. మహిళా లెక్చరర్ వెంట ఉంటారని చెప్పాలి, పడుకునే గదికి గడియ ఉందో లేదో చూపించాలి. కొన్నిసార్లు తండ్రి ముందే ఆ ఊరికి వెళ్లి చూసొస్తాడు. తప్పు పట్టాల్సిన పనిలేదు. వెళ్లొచ్చిన అమ్మాయిలో తేడా మాత్రం ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తుంది. మైకు పట్టుకుని వందమంది ముందు మాట్లాడిన పిల్ల, తన పెళ్లి మాట వచ్చినప్పుడు తలుపు చాటున నిలబడదు.

ఈ అమ్మాయిల దగ్గరే ఎన్‌ఎస్‌ఎస్‌కు ఓ చేదు నిజం ఎదురవుతుంది. యూనిట్లు గర్వంగా చెప్పుకునే పని రక్తదాన శిబిరం. 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. వరసలో ఉత్సాహంగా నిలబడిన అమ్మాయిల్లో చాలామంది ఆ మూడో నిబంధన దగ్గరే ఆగిపోతారు. వేలి చుక్క పరీక్ష కాగానే 'నువ్వు ఇవ్వకూడదమ్మా' అంటారు. ఇది ఒక్క కాలేజీ కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. పొద్దున టిఫిను లేకుండా ఏడింటి బస్సెక్కి, మధ్యాహ్నం డబ్బా విప్పే పిల్లకు హిమోగ్లోబిన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత రక్తం పోగైందన్నది అందరూ రాసుకుంటారు. వెనక్కి పంపిన అమ్మాయిల పేర్లు కూడా రాసుకుని, ఐరన్ మాత్రలు వాడించి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించే యూనిట్‌ది అసలైన విజయం. ఆ అంకె బ్యానర్ మీదికెక్కదు.

గోదావరి దాటి ఆదిలాబాద్ ఏజెన్సీలోకి వెళితే ఇదే రక్తం కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూర్ వైపు గూడేల్లో రక్తహీనతకు సికిల్‌సెల్ కూడా ఒక కారణం. ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని విపరీతమైన నొప్పులు తెస్తాయి. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఐరన్ మాత్రలతో పోయేది కాదు. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే, చూడ్డానికి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జులై 1న కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది సంకల్పం.

పరీక్ష చేయడం తేలికే. ఫలితం చెప్పడమే కష్టం. 'వాహకురాలు' అన్న మాట గూడెంలో 'రోగిష్టి పిల్ల'గా మారిపోతే ఆ అమ్మాయికి సంబంధం రాదు. తెలుగులో అచ్చేసిన కరపత్రం కొలాం అవ్వకు ఏం చెబుతుంది? అక్కడ అక్కరకొచ్చేది కాలేజీలో చదువుకుంటున్న గోండు, కొలాం, పర్ధాన్ పిల్లలే. వాళ్లకు గోండీ వచ్చు, కొలామీ వచ్చు, అవ్వ పేరూ తెలుసు. క్లాసులో తెలుగు తడబడుతుందని వెనక బెంచీలో కూర్చునే కుర్రాడు శిబిరంలో అందరికంటే ముందు నడుస్తాడు. పట్నం పిల్లలు అతని వెనకాల.

ఈ గడ్డ మీద అదేం కొత్త పాఠం కాదు. గోండుల మధ్య పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లలకు గోండు గురువులే, వాళ్ల భాషలోనే చదువు. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలో ఉంది.

2016లో రెండు పాత జిల్లాలూ ముక్కలయ్యాయి. విశ్వవిద్యాలయాలు చూస్తే, అప్పటిదాకా కాకతీయ కింద ఉన్న కరీంనగర్ కాలేజీలు 2008లో వచ్చిన శాతవాహనలోకి వెళ్లాయి. కాగితాల మీద ఎన్ని మారినా శిబిరం చివరి రోజు మారలేదు. సాయంత్రం ముగింపు సభ, సర్పంచికి శాలువా, పిల్లల నాటిక. మర్నాడు పొద్దున గిన్నెలు తోమి, జంపఖానాలు దులిపి ట్రాక్టరులోకి ఎక్కిస్తారు. సర్వే రిజిస్టరు మాత్రం ప్రోగ్రామ్ ఆఫీసరు సంచిలోకి వెళుతుంది. వచ్చే ఏడాది కొత్త బ్యాచ్ ఆ రిజిస్టరు పట్టుకుని ఇదే ఊళ్లో దిగుతుంది. వాళ్ల మొదటి పని ఏమిటో ఇప్పటికే తెలుసు. వానలకు ఒండ్రు చేరి పూడిపోయిన ఇంకుడు గుంతలోంచి కంకర తీసి, కడిగి, మళ్లీ నింపడం.