వృక్ష సంబంధ దోమల మందులు: బీకరు నుండి వరిమడికి

ఏదో ఒక మొక్క ఆకుల కషాయం దోమ లార్వాలను చంపుతుందని తెలిపే పరిశోధనా వ్యాసాలు ఏటా వెలువడుతూనే ఉన్నాయి. వీటిలో అనేకం ప్రయోగశాలలో బీకరు నీటిలో లార్వాలను ఉంచి, 24 గంటలలో సగం లార్వాలను చంపే మోతాదును లెక్కగట్టడంతో ముగుస్తాయి. ఆ మందు పొలంలో ఎన్ని రోజులు పనిచేస్తుంది, ఎకరాకు ఎంత ఖర్చవుతుంది, ఇతర జలచరాలకు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం అరుదు. మన విద్యార్థుల పరిశోధన ఇకపై ఈ ప్రశ్నలతోనే మొదలు కావాలని నా అభిప్రాయం.

వేపనే తీసుకుందాం. వేప గింజలోని అజాడిరక్టిన్ ప్రధానంగా లార్వా కుబుసం విడవడాన్ని, ఎదుగుదలను అడ్డుకుంటుంది. కనుక ఒక్క రోజు మరణాల లెక్క దాని పూర్తి సామర్థ్యాన్ని తెలుపదు. ప్రౌఢ దోమలు ఎన్ని వెలువడ్డాయో లెక్కించాలి. పైగా ఈ పదార్థం ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది. గింజలోని దాని శాతం చెట్టును బట్టి, ప్రాంతాన్ని బట్టి, నిల్వను బట్టి మారుతుంది.

మొక్క నుండి వచ్చినదంతా నిరపాయకరమన్న భావన కూడా సరికాదు. పొగాకులోని నికోటిన్ మనుషులకు తీవ్ర విషం. డెర్రిస్ వేళ్ళ నుండి లభించే రోటెనోన్ చేపలను చంపుతుంది. లార్వాలను తినే చేపలు, తూనీగ పిల్లపురుగులు నశిస్తే చివరకు లాభపడేది దోమే.

ఇది కీటక శాస్త్రజ్ఞులకే పరిమితమైన విషయం కాదు. జపనీస్ మెదడువాపు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు వరిమడులలో విస్తారంగా పెరుగుతాయి. వేప పిండి పూసిన యూరియాను నీటి యాజమాన్యంతో కలిపి వాడితే వరి పొలాలలో ఈ లార్వాలు తగ్గుతాయని మధురై శాస్త్రవేత్తలు 1990వ దశకంలోనే చూపారు. అయితే 2015లో దేశమంతటా తప్పనిసరి చేసిన వేప పూత యూరియాను దీనితో పోల్చరాదు. అందులోని వేప నూనె అతి స్వల్పం. దాని లక్ష్యం నత్రజని నష్టాన్ని తగ్గించడం, దోమల నివారణ కాదు. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు స్పష్టంగా చెప్పాలి.

మడిలో నీటిని నిలపడం, ఆరగట్టడం మన శాస్త్ర పరిధిలోని పనులు. కనుక మరో కొత్త ఆకును బీకరులో పరీక్షించే ముందు, వేప పిండిని ఆరుతడి పద్ధతితో జోడించి, ఒక పూర్తి పంటకాలం పాటు దిగుబడిని, ఖర్చును, వెలువడే దోమలను, మిత్ర జీవులను ఒకే ప్రయోగంలో నమోదు చేద్దాం. రైతుకు సిఫారసు చేయడానికి మనకు కావలసినవి ఆ అంకెలే.