కారం మిల్లు: యంత్రం కన్నా కొనుగోలు ముఖ్యం

గుంటూరు ప్రాంతంలో కారం మిల్లు పెట్టదలచినవారు సాధారణంగా మొదట యంత్రాల ధర విచారిస్తారు. అయితే ఈ వ్యాపారంలో లాభనష్టాలను తేల్చేది యంత్రం కాదు, సరకు కొనుగోలు.

యార్డుకు కొత్త కాయ ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. పొడికి గిరాకీ మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. కనుక సీజనులో కొని కోల్డు స్టోరేజీలో పెట్టక తప్పదు. అద్దె, వడ్డీ, ఇన్సూరెన్సు సరకుపై పడతాయి. ఆ మీదట ధర దిగితే మర లాభం ఆ నష్టాన్ని పూడ్చలేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోగా, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించవలసి వచ్చింది.

చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం ప్రారంభించిన పథకంలో సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. యంత్రానికి అది ఊరటే గాని, నిల్వ సరకుకు పెట్టుబడి వేరే చూసుకోవాలి.

ఇక తరుగు లెక్క. పొడిలో తేమ 11 శాతం మించరాదు. 14 శాతం తేమ గల క్వింటాలు కాయ ఆ స్థాయికి ఆరితే 96.6 కిలోలే మిగులుతుంది. తొడిమ, తాలు తరుగు దీనికి అదనం. తరుగు పూడ్చుకోవటానికి మచ్చకాయ కలిపితే బూజు విషం పరీక్షలో బయటపడుతుంది. రంగు కలిపితే అసలుకే మోసం. సుడాన్ రంగు పట్టుబడిన మీదట 2003లో ఐరోపా దేశాలు మిరప సరకుకు పరీక్ష పత్రం తప్పనిసరి చేసిన సంగతి ఎగుమతిదారులు ఎరిగినదే.

కొత్తవారు మొదటి ఏడాది కొద్ది సరకు కొని, కూలికి ఆడించి, అమ్మకం చూసుకోవటం మేలు. కాయ నాణ్యతపై, ధరపై పట్టు చిక్కిన తర్వాతే సొంత మిల్లుకు పునాది వేయాలి.