పెద్దల పడిశము, పసికందు ఊపిరి

పడిశమునకు మందు పుచ్చుకొన్నచో వారము, పుచ్చుకొననిచో ఏడు దినములు అని మన పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడి మాట ఒకటి కలదు. పడిశము పది రోగముల పెట్టు అని వారే హెచ్చరికగా చెప్పిన మాట మరియొకటి కలదు. పరస్పర విరుద్ధములుగా తోచు ఈ రెండు మాటలును సత్యములే. ఏది ఎవరియెడ సత్యమగునో నిర్ణయించునది వయస్సు. బడినుండి ముక్కు కారుచు ఇంటికి వచ్చిన ఏడేండ్ల బాలుడు రెండు దినములు తుమ్మి, మూడవనాడు వీథిలో ఆటకు పోవును. వాని ముక్కు తుడిచిన తల్లికి గొంతు కాస్త బొంగురుపోవును. ఆ తల్లి ఒడిలోని మూడు నెలల శిశువు మాత్రము, అదే వైరసు వలన, నాలుగైదు దినములు గడచుసరికి పాలు త్రాగ చేతగాక, డొక్కలెగురవేయుచు, ఊపిరి విడిచినప్పుడెల్ల పిల్లికూతలు వినవచ్చుచుండ, ప్రాణముతో పెనగులాడును. గుండెజబ్బుతో అదే యింట మంచము పట్టిన డెబ్బదియైదేండ్ల తాతకు ఆ వారములోనే ఆయాసము హెచ్చి ఆసుపత్రి చేరవలసి రావచ్చును. ఇంటిల్లిపాదికి సోకినది ఒకే వైరసు. వ్యాధులు మాత్రము నాలుగు విధములు.

దీనికి వైద్యులు పెట్టిన పేరు రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరసు, సంక్షిప్తముగా ఆర్.ఎస్.వి. తాను ప్రవేశించిన కణమును ప్రక్కకణములతో కలిపి ఒక్క ముద్దగా చేయు స్వభావమునుబట్టి ఆ పేరు వచ్చినది. రెండేండ్లు నిండులోపల దాదాపు ప్రతి శిశువునకును ఇది ఒక్కసారియైనను సోకును. ఆ పిమ్మట జీవితాంతము మరల మరల సోకుచునే యుండును. శిశువునెడ దీని క్రౌర్యమునకు ముఖ్యకారణము శిశువు శ్వాసనాళముల సూక్ష్మత. నాళము వెడల్పు సగమైనచో గాలి ప్రసారమునకు కలుగు అవరోధము 16 రెట్లగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కావున పెద్దవారు గమనింపనైన గమనింపని స్వల్పమైన వాపును, కాసింత శ్లేష్మమును పసికందు ఊపిరిని బంధింప జాలును. మన పల్లెలలో పాల ఉబ్బసమని పిలుచు బాధలో కొంత ఇట్టిదే యైయుండునని నా యూహ. వైరసు వలన వచ్చినది గాన యాంటీబయోటిక్కులు దీనిపై పనిచేయవు. ఆమ్లజని నందించుట, ఒంటిలో నీరు తగ్గకుండ చూచుట, రాత్రింబవళ్లు కనిపెట్టియుండుట — వ్యాధి ముదిరిన పిదప వైద్యుడు చేయగలిగినది ప్రధానముగ ఇంతియే. స్నానము చేయించినంతనే బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టు ఆచారము మన యిండ్లలో ఇంకను కలదు. అది వాత్సల్యముతో చేయు పనియే యైనను, వాచిన నాళములకు పొగ కీడు చేయునని అమ్మమ్మలకును, నాయనమ్మలకును వినయముతో విన్నవింపక తప్పదు.

ఈ వైరసు మొదట చిక్కినది మనుష్యులలో గాదు. 1956లో వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ పరిశోధనాసంస్థవారు చింపాంజీలకు పట్టిన పడిశములో దీనిని కనుగొనిరి. మరుసటి యేటనే రాబర్ట్ చానక్ అను శాస్త్రజ్ఞుడు బాల్టిమోరు నగరపు శిశువులనుండి అదే వైరసును వేరుచేసి, ఇది మన ఉయ్యాలలలోని వ్యాధియని నిరూపించెను. ఫార్మలినుతో చంపిన వైరసుతో చేసిన పోలియో టీకా జయప్రదమైన దినములవి. ఆ మార్గముననే దీనికిని టీకా తయారు చేసి, 1960ల నడుమ అమెరికాలో శిశువులపై పరీక్షించిరి. జరిగినది విపరీతము. ఒక బృందమున టీకా పొందిన పిదప వైరసు సోకిన బిడ్డలలో నూటికి 80 మంది ఆసుపత్రి పాలైరి. ఆ టీకా పొందకయే వైరసు సోకినవారిలో అట్లయినది నూటికి ఐదుగురు మాత్రమే. టీకా పొందినవారిలో ఇద్దరు శిశువులు మరణించిరి. రక్షింపవలసిన టీకాయే వ్యాధిని తీవ్రము చేసిన ఈ దుర్ఘటన, దశాబ్దములపాటు ఈ మార్గమున అడుగిడుటకే పరిశోధకులను జంకునట్లు చేసెను.

ఎందువలన నిట్లు జరిగెను? ఆ ప్రశ్నను విడువక పట్టుకొన్నవారియెడ నాకు మిక్కిలి గౌరవము. వైరసు ఉపరితలమున, కణములోనికి చొరబడుటకు సాధనమైన ఎఫ్ ప్రోటీను కలదు. కణమును పట్టకముందు అది ఎక్కుపెట్టిన వింటివలె ఒక రూపమున నుండి, పని జరుగునప్పుడు చటుక్కున మరియొక రూపమునకు మారిపోవును. మారినది మరల పూర్వరూపము దాల్చదు. నాటి టీకాలోని ప్రోటీను చాలవరకు ఆ మారిన రూపముననే యుండెను. తత్ఫలితముగ శిశుదేహము పుట్టించిన ప్రతిరక్షకములు వైరసునకు అతుక్కొనెనే గాని దానిని అడ్డలేకపోయెను; పైపెచ్చు ఊపిరితిత్తులలో వాపును ప్రజ్వలింపజేసెను. 2013లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో పనిచేయుచుండిన జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్ ప్రభృతులు, సడలకముందటి ఆ తొలిరూపమును పరమాణుస్థాయిలో దర్శించి, అది మారిపోకుండ బిగించి నిలుపు నుపాయమును కనుగొనిరి. ప్రోటీనును తొలిరూపమున నిలుపు ఈ విద్యయే తరువాత కొవిడ్ టీకాల నిర్మాణమునకును తోడ్పడినది. ఇద్దరు పసివారి మరణమును అపజయముల పద్దులో వ్రాసి మూసివేయక, దాని కారణమును వెదకుచు సుమారు నలువదియైదేండ్లు గడపిన ఓర్పు అంత సులభముగ లభించునది గాదు.

ఆ ఓర్పునకు ఫలము 2023లో చేతికందినది. గర్భిణికి వేసిన టీకా వలన పుట్టిన ప్రతిరక్షకములు మాయద్వారా గర్భస్థశిశువునకు చేరి, జననానంతరము తొలి 90 దినములలో తీవ్రవ్యాధిని సుమారు 82 శాతము, ఆరు మాసములలో 69 శాతము తగ్గించినట్లు ఆ యేడు ప్రకటించిన పరీక్షాఫలితములు తెలిపినవి. తయారైన ప్రతిరక్షకమునే శిశువునకు ఒక్కసారి సూదిమందుగా ఇచ్చుట రెండవ మార్గము. నిర్సెవిమాబ్ అను ఆ మందును స్పెయినులోని గలీసియా ప్రాంతమువారు 2023-24 ఋతువున నూటికి 90 మందికి మించిన శిశువులకు అందింపగా, ఈ వ్యాధితో ఆసుపత్రి చేరవలసిన ప్రమాదము 80 శాతమునకు పైగా తగ్గినది. అరువదేండ్లు దాటిన వృద్ధులకు వేరు టీకాలును ఆ 2023లోనే అనుమతి పొందినవి.

అయితే గలీసియా శిశువుకు ఆ సూది లేకపోయినను, ప్రక్కవీథిలో ఆసుపత్రి, ఆసుపత్రిలో ఆమ్లజని ఉన్నవి. మరణము వేరుచోట నున్నది. 2019లో ప్రపంచమున ఐదేండ్లలోపు పిల్లలలో ఈ వైరసు వలన సుమారు 3 కోట్ల 30 లక్షల శ్వాసకోశవ్యాధులును, లక్షకు మించిన మరణములును సంభవించినవని నిపుణుల అంచనా. ఆ మరణములలో నూటికి 97కు పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశములవే. ఆఫ్రికా, ఆసియా ఖండములలోని ఏడు దేశములలో జరిగి 2019లో ప్రకటితమైన పెర్చ్ అధ్యయనము, ఆసుపత్రి చేరిన పిల్లల తీవ్ర న్యుమోనియాలో 31 శాతమునకు ఈ ఒక్క వైరసే కారణమని తేల్చినది. ఆ లెక్కయు ఆసుపత్రి గడప త్రొక్కగలిగిన పిల్లలది. జాంబియా రాజధాని లుసాకాలో పరిశోధకులు శవాగారమునకు చేరిన పసివారి ముక్కులనుండి నమూనాలు తీసి పరీక్షింపగా, ఈ వైరసుతో మరణించినవారిలో అధికభాగము ఏ ఆసుపత్రిలోను గాక ఇంటనే ప్రాణములు విడిచినట్లు తెలిసెను. మన దేశమున మహారాష్ట్రలోని మేళఘాట్ గిరిజనగ్రామములలోను, ఆసుపత్రి చేరని పిల్లలలో ఈ వైరసు జాడను వెదకు కృషి జరిగినది. చనిపోయిన బిడ్డ ముక్కునుండి నమూనా తీయుటకు అనుమతి కోరుట ఎంత కఠినమైన పనియో ఊహించిననే హృదయము ద్రవించును; కాని ఆ తల్లిదండ్రులు అనుమతింపకున్న, ఆ మరణములకు ఆయాసము అనుటకు మించిన పేరే యుండెడిది గాదు.

వృద్ధుల విషయమున అజ్ఞానము మరియొక తెరగున నున్నది. పెద్దవారి ముక్కులో వైరసు పరిమాణము స్వల్పము. పరీక్షలో చిక్కకయే పోవచ్చును. అసలు పరీక్షించువారే అరుదు. తాత మరణమును గుండెజబ్బు పద్దున, మనుమని మరణమును న్యుమోనియా పద్దున వ్రాయుదురు. ఆ రెండింటిని కలుపు దారము ఏ పద్దులోను కనబడదు. కెన్యా పల్లెలలో ఇండ్లకే పోయి ఇంటిల్లిపాదికిని నమూనాలు తీసిన పరిశోధకులు, శిశువులకు వైరసును ఇల్లు చేర్చువారిలో బడికి పోవు అన్నలు, అక్కలు ప్రముఖులని గుర్తించిరి. శిశువైద్యమును, వృద్ధవైద్యమును విడివిడి విభాగములుగా నుంచుకొన్న మనము, పరిశోధనకు ప్రమాణముగా కుటుంబమునే గ్రహింపవలెనని నా నిశ్చితాభిప్రాయము. ముఖ్యముగ మూడు తరములవారు ఒకే గదిలో పవళించు ఇండ్లు నేటికిని అధికముగ నున్న మన తెలుగునాట.

గర్భిణీటీకా విషయమున తొందరపాటు తగదనువారి మాటయు త్రోసిపుచ్చదగినది గాదు. ఇట్టిదే యైన వేరొక టీకా పరీక్షను, నెలలు నిండని కాన్పులు హెచ్చినట్లు కనబడుటచే 2022లో నిలిపివేసిరి; ఆ హెచ్చుదల పేద, మధ్యాదాయ దేశములలోనే ఎక్కువగా కనబడుట మనము మరువరాని విషయము. అందువలననే అమెరికాలో, పైన ఫలితములు చెప్పిన గర్భిణీటీకాను 32 వారములు నిండిన పిమ్మటనే వేయవలెనని నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 28 వారముల తరువాత వేయవచ్చునని చెప్పి, 2025 మార్చిలో ఆ టీకాకు తన అర్హతాముద్ర నిచ్చినది. జాగ్రత్త వేరు, ఉపేక్ష వేరు. 2021లో న్యూమోకాకల్ టీకాను దేశమంతటికిని విస్తరింపజేసినవారము మనము; బాక్టీరియా న్యుమోనియా తగ్గుకొలది, మిగిలిన శ్వాసవ్యాధులలో వైరసుల పాలు హెచ్చుగా కనబడుట సహజము. దానికి సిద్ధపడుటకు, వానలు మొదలుకొని చలి తగ్గువరకు జిల్లా ఆసుపత్రులలో ఆయాసముతో చేరు ప్రతి శిశువునకును, ప్రతి వృద్ధునకును ఒక్క నమూనా తీసి వ్రాసియుంచుట తొలిపని. టీకా ధర తగ్గించుట, దానిని ఇక్కడనే తయారుచేయించుట ప్రభుత్వములు పూనుకొనవలసిన పని. చేర్చుటకు మాత్రము క్రొత్త మార్గము వేయనక్కర లేదు: ఏడవనెల నిండిన చూలాలు ఆశా కార్యకర్త వెంట ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఇప్పటికే వచ్చుచున్నది, బరువు తూచుకొనుచున్నది, రక్తపోటు చూపించుకొనుచున్నది, ధనుర్వాతపు టీకా వేయించుకొని పోవుచున్నది, ఆ బల్లమీద మరియొక సూది యుండవలెను.