100ఎక్స్ జూమ్‌తో గెలాక్సీ ఫొటో? లైట్ తీస్కోండి!

"అన్నా, 100ఎక్స్ ఫోన్ కొంటే గెలాక్సీ ఫొటో పడతదా?" అని మా మందమర్రి పోరగాళ్లు తరచూ అడుగుతుంటారు. పడదు. కానీ కారణం మీరనుకునేది కాదు.

ఎన్‌జీసీ 253నే తీసుకోండి. స్పైరల్ గెలాక్సీ, సుమారు 1.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 1783లో కరోలిన్ హెర్షెల్ చిన్న టెలిస్కోప్‌తో కనిపెట్టింది. దక్షిణాకాశంలోదే అయినా, నవంబర్ మధ్యలో రాత్రి 9 గంటలకు మనకు దక్షిణం వైపు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దాని పొడవు ఆకాశంలో ఇంచుమించు నిండు చంద్రుడంత! అంటే జూమ్ సమస్యే కాదు, వెలుతురు సమస్య. ఫోన్ మెయిన్ కెమెరాలోకి కాంతి వచ్చే రంధ్రం సుమారు 4 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ లెన్స్ దానికి 150 రెట్లు ఎక్కువ పోగేస్తుంది. ఈ లెక్క ఏ ఫోన్ డబ్బా మీదా కనపడదు.

మరి ఆ చంద్రుడి ఫొటోలు? 2023 మార్చిలో ఒక రెడిట్ యూజర్ కావాలనే మసక చేసిన చంద్రుడి బొమ్మను శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, బొమ్మలో లేని గుంతలు ఫొటోలో వచ్చాయి. ఏఐతో డీటెయిల్ పెంచుతామని కంపెనీయే వివరించింది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు కాబట్టి నడిచిపోయింది. గెలాక్సీకీ అదే చేస్తే? 1940లో 253లో ఒక సూపర్నోవా కనిపించింది. రేపు ఇంకోటి పేలితే, పాత ఫొటోలతో నేర్చుకున్న ఏఐ దాన్ని నాయిస్ అనుకుని తుడిచేయొచ్చు. ఫొటో అందంగా ఉంటుంది, జరిగిన సంగతి మాత్రం ఉండదు. నా లొల్లి ఇదే.

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు వందేళ్ల కిందటే గాజు ప్లేట్ల మీద దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటోలు తీశారు. (253 దానికి కాస్త కిందే.) పడ్డ వెలుతురే రికార్డు, అంతే.

ఫోన్లలో దీనికి దగ్గరగా వచ్చేది ఆస్ట్రో మోడ్. 2019 నాటి పిక్సెల్ 4 ఒక్కోటి 16 సెకన్ల చొప్పున 15 ఎక్స్‌పోజర్ల వరకు తీసి కలిపేది. ట్రైపాడ్ పెట్టి, 1ఎక్స్‌లో, రా ఫైల్ తీయండి. 12 మెగాపిక్సెల్ ఫొటోలో 253 పొడవు ఓ 25 పిక్సెళ్లు, మసక గీతలా వస్తే గొప్పే. ఓసీపీ ఫ్లడ్‌లైట్లు, బొగ్గు దుమ్ము మధ్య మందమర్రిలో అదీ కష్టం. జన్నారం అడవి వైపు పోతే నయం.

నన్నడిగితే జూమ్ కోసం పెట్టే ఎక్స్‌ట్రా పైసలతో 10ఎక్స్50 బైనాక్యులర్ కొనండి. చీకట్లో కళ్లకు అరగంట అలవాటు కానివ్వండి. అప్పటిదాకా ఫోన్ స్క్రీన్ వెలిగించకండి.