వాచ్‌లో ఈసీజీ ఉంది కదా అని కీమో టైంలో ఎకో మానేస్తారా?

"అమ్మకి కీమో మొదలవుతోంది. గుండె చూసుకోడానికి ఏ స్మార్ట్‌వాచ్ బెస్ట్?" అని ఎవరైనా అడిగితే మోడల్ పేరు చెప్పేయడం తేలికే. కానీ దానికన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏ వాచ్ కొన్నా సరే, ఎకో టెస్ట్ మాత్రం మానొద్దు.

ఎందుకంటే ఈ రెండూ కొలిచేవి వేర్వేరు. 2018లో యాపిల్ వాచ్ సిరీస్ 4తో పాపులర్ అయిన ఈసీజీ ఫీచర్ సింగిల్ లీడ్‌ది. అది ముఖ్యంగా చూసేది గుండె లయ తప్పుతోందా అని. రొమ్ము క్యాన్సర్‌లో, లింఫోమాలో వాడే డాక్సోరూబిసిన్ దెబ్బకొట్టేది గుండె కండరాన్ని. ఎక్కించిన మొత్తం డోసు పెరిగేకొద్దీ రిస్క్ పెరుగుతుంది. హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ వల్ల కూడా పంపింగ్ తగ్గొచ్చు. పంపింగ్ తగ్గుతున్నా లయ మామూలుగానే ఉండొచ్చు. అప్పుడు వాచ్ నార్మల్ అనే చూపిస్తుంది.

ఆ పంపింగ్‌ని కొలిచేది ఎకో. అందులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనే నంబర్ ఉంటుంది. ట్రీట్‌మెంట్‌కి ముందు తీసిన ఎకోనే బేస్‌లైన్. ట్రాస్టుజుమాబ్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 3 నెలలకోసారి చూస్తారు. నంబర్ 10 పాయింట్లకి పైగా పడి 50 కిందకి వస్తే డాక్టర్లు సీరియస్‌గా తీసుకుంటారు. ముందే దొరికితే గుండె మందులు మొదలుపెట్టొచ్చు, అవసరమైతే క్యాన్సర్ మందుకి కొంత గ్యాప్ ఇచ్చి మళ్లీ కొనసాగించొచ్చు. లేటైతే గుండెతో పాటు క్యాన్సర్ ట్రీట్‌మెంట్ కూడా చిక్కుల్లో పడుతుంది.

మరి వాచ్ వేస్టా? కాదు. కొన్ని బ్లడ్ క్యాన్సర్లకి వాడే ఇబ్రుటినిబ్ వల్ల ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. అలాంటప్పుడు వాచ్ అలర్ట్ నిజంగా పనికొస్తుంది. బడ్జెట్ టైట్‌గా ఉంటే మాత్రం నా ఓటు ముందు ఎకోకి, తర్వాత చేతికి పట్టీ కట్టే బీపీ మెషిన్‌కి, ఆ తర్వాతే వాచ్‌కి.

బ్రాండ్లకి కూడా ఒక మాట. "హార్ట్ హెల్త్" అని బాక్స్ మీద పెద్దగా వేసుకున్నప్పుడు, వాచ్ పట్టుకోలేనివి ఏంటో కూడా అంతే పెద్దగా వెయ్యాలి.

పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, కొద్దిరోజుల్లోనే బరువు పెరగడం లాంటివి కనిపిస్తే వాచ్ ఏం చెప్పినా పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.